ఉఱుము విన్న బిడ్డకు ఏమి చెప్పవలెను?

గత వేసవి చివర, రోహిణి కార్తె ముగియుటకు రెండు మూడు దినములు మిగిలియుండగా, ఒకనాటి సాయంకాలము పడమటి దిక్కున నల్లని మబ్బు లేచి, దుమ్ముతో కూడిన గాలి వీచి, ఆ సంవత్సరమునకు మొదటి ఉఱుము మా యింటిపై ఉఱిమెను. ఐదేండ్ల మా మనుమడు వసారాలో ఆడుకొనుచుండి, ఆ చప్పుడునకు ఉలికిపడి, పరుగున వచ్చి నా పంచె పట్టుకొని, “తాతా, పైన ఎవరు కొట్టుచున్నారు?” అని యడిగెను.

నేను బదులు చెప్పకమునుపే ఇంటిలోనివారు మువ్వురు మూడు విధములుగా చెప్పిరి. నా భార్య వానిని దగ్గరకు తీసికొని, “అర్జున, ఫల్గుణ అనుము నాయనా, పిడుగు మన జోలికి రాదు” అని అర్జునుని పది నామములను వానిచేత పలికింప మొదలిడెను. చుట్టపుచూపుగా వచ్చిన బంధువు ఒకడు నవ్వుచు, “అన్నము తినక మారాము చేయు పిల్లలను ఎత్తుకొనిపోవుటకు బూచివాడు వచ్చుచున్నాడు” అనెను. పదకొండేండ్ల మనుమరాలు, “మేఘములు ఒకదానితో నొకటి ఢీకొనుటవలన ఉఱుము పుట్టును” అని పాఠము ఒప్పగించినట్లు ఒక్క గుక్కలో పలికెను. పిల్లవాడు ఆ ముగ్గురి మొగములను చూచి, తృప్తి పొందక, మరల నావైపు తిరిగెను. నేను వార్తాపత్రిక నుండి తల యెత్తకయే, “ఏమియు లేదు, పోయి ఆడుకొనుము” అంటిని.

ఆ రాత్రి వాన వెలిసిన తరువాత నా మనస్సు నన్నే నిలదీసెను. నాలుగు బదుళ్లు చెప్పితిమి. అందు నిజమైనది ఒక్కటియు లేదు. “ఏమియు లేదు” అన్న నా మాట అన్నిటికంటెను పెద్ద అబద్ధము. ఏలయన ఆకాశము దద్దఱిల్లుచుండగా ఏమియు లేదనుట, నీ చెవులను నీవు నమ్మకుమని ఆ బిడ్డకు బోధించుటయే. పసిబిడ్డలకు నిజము చెప్పుట మనకు విధియా? వారి భయము తీర్చుటకో, అల్లరి మాన్పుటకో, మన పని సాగించుకొనుటకో వారికి అబద్ధము చెప్పు హక్కు మనకు కలదా? ఎండ, వాన, గాలి, ఉఱుము అను నిత్యవిషయములను ఆధారముగా గొని ఈ ప్రశ్నను విచారింపదలచితిని.

ఇంత చిన్న సంగతికి ఇంత విచారమేల యని చదువరులు అనుకొనవచ్చును. కాని లోకమును గూర్చి బిడ్డ వేయు మొదటి ప్రశ్నలు వాతావరణమును గూర్చినవే. ఏ బిడ్డయు తనంత తాను అశోకుని గూర్చి అడుగదు, గుణకారమును గూర్చి అడుగదు. వాన ఎక్కడ నుండి వచ్చును, గాలి ఎందుకు కనబడదు, ఎండ ఏల కాల్చును, మబ్బు ఎక్కడికి పోవుచున్నది అని మాత్రము గుడిసెలో పుట్టిన బిడ్డయు, మేడలో పుట్టిన బిడ్డయు అడుగును. ఆ ప్రశ్నకు వచ్చిన బదులునుబట్టి బిడ్డ రెండు సంగతులు నేర్చును. ఒకటి వానను గూర్చినది. రెండవది అడుగుటను గూర్చినది: అడిగినచో నిజము దొరకునా, నవ్వులు దొరకునా, కసరు దొరకునా అనునది. మొదటి పాఠమును తరువాత దిద్దుకొనవచ్చును. రెండవదానిని దిద్దుకొనుట మిక్కిలి కష్టము.

మొదట బూచివాని సంగతి చూతము. పిల్లలను బెదిరించి దారికి తెచ్చుట మన యిండ్లలో అనాదిగా వచ్చుచున్న యలవాటు. “ఇంత చిన్న బొంకువలన హాని యేమి? పెద్దవాడైన పిదప వాడే తెలిసికొనును” అని దానిని సమర్థింతుము. అయితే ఆ బొంకు బిడ్డకు నేర్పునదేమి? ఉఱుము అను చప్పుడునకు వెఱవుమని నేర్పును. చప్పుడు ఎవరిని చంపదు, చంపునది పిడుగు. ఉఱుము వినబడునప్పటికే ఆ మెఱుపు పని ముగిసియుండును. వెఱవవలసినది బయలునకు, ఒంటరిగా నిలిచిన చెట్టునకు, చెఱువు నీటికి. మన దేశమునందు ఏటేట రెండువేలమందికి పైగా పిడుగుపాటునకు బలియగుచున్నారు. వారిలో పొలములందు పనిచేయువారును, పశువులను మేపువారును, వాన తడువకుండ చెట్టుక్రింద చేరినవారును అనేకులు. బూచివానికి వెఱచి పెరిగిన బిడ్డ ఇంటిలో దుప్పటి ముసుగు పెట్టుకొనును; పొలమునందు చెట్టుక్రిందికి పరుగెత్తును. భయము ఉన్నది, తెలివి లేదు. భయపెట్టవలదని నేను చెప్పుటలేదు. నిజముగా భయపడవలసినదానికి భయపడుట నేర్పుడని చెప్పుచున్నాను.

ఇంతకంటె మర్యాదగా కనబడు బూచి మఱియొకటి కలదు. “పాపములు పెరిగినవి, అందుచేత దేవుడు తుపాను పంపెను” అని పెద్దలు పిల్లల యెదుట చెప్పుచుందురు. ఈ మాట భక్తిగా తోచును గాని, ఇందు దాగియున్న క్రౌర్యమును మనము గమనింపము. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై ఉప్పెన వచ్చి సుమారు ముప్పదివేలమంది ప్రాణములను తీసెను. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై సముద్రము పొంగి సుమారు పదివేలమందిని మ్రింగెను. తుపాను పాపమునకు శిక్షయని నేర్చిన బిడ్డ, ఈ సంగతి వినినప్పుడు, కొట్టుకొనిపోయినవారు పాపులనియు, మిగిలిన మనము పుణ్యాత్ములమనియు అనుకొనక యేమి అనుకొనును? తల్లిచంక నుండి జాఱిపోయిన శిశువు ఏ పాపము చేసెను? సముద్రమట్టమునకు కొంచెమే యెత్తున నున్న లంకభూమి, తీరమున లోతు తక్కువైన సముద్రము, ఆ నీటిని భూమిపైకి నెట్టు ప్రచండవాయువు, పారిపోవుటకు ఎత్తైన చోటు లేకపోవుట, ముందుగా హెచ్చరిక అందకపోవుట, అందినను పోవుటకు దారియు బండియు లేకపోవుట: ఇవియే కారణములు. వీనిలో కొన్ని ప్రకృతికి చెందినవి. కొన్ని మన యలక్ష్యమునకు చెందినవి. పాపమనెడి మాట ఈ రెండవ భాగమును కూడ కప్పిపుచ్చును.

ఈ విషయమున మహాపురుషులును భిన్నాభిప్రాయులైరి. 1934వ సంవత్సరము జనవరి 15వ తేదీన బీహారులో భూకంపము వచ్చి వేలమంది మరణించినప్పుడు, అది అస్పృశ్యతాపాపమునకు శిక్షయని గాంధీమహాత్ముడు చెప్పెను. అస్పృశ్యతను అంతగానే ద్వేషించిన రవీంద్రనాథ ఠాకూరు ఆ మాటను ఖండించి, భౌతికమైన విపత్తులకు భౌతికమైన కారణములే యుండునని వ్రాసెను. గాంధీగారు ఆ ఖండనమును తమ ‘హరిజన్’ పత్రికలోనే ప్రకటించి, తమ సమాధానమును ప్రక్కనే వ్రాసిరి. వారి ఉద్దేశము ఉత్తమము; ప్రత్యర్థి మాటను దాచని వారి సత్యనిష్ఠ అంతకంటె ఉత్తమము. అయినను ఈ ఒక్క విషయమున నాకు ఠాకూరుగారి పక్షమే న్యాయముగా తోచుచున్నది. మంచి పనికి ప్రేరేపించుటకైనను ప్రకృతిచేత అబద్ధసాక్ష్యము చెప్పింపరాదు. అస్పృశ్యత తప్పగుటకు భూకంపము రానక్కఱలేదు.

బూచి యొక వైపు తప్పైనచో, కంఠపాఠము రెండవ వైపు తప్పు. మా మనుమరాలు చెప్పినది శాస్త్రమువలె వినబడెను గాని శాస్త్రము కాదు. మేఘములు ఢీకొనుటవలన ఉఱుము పుట్టదు. ఎవరో చెప్పగా ఆమె విన్నది. ఎవరును చూడుమనలేదు, ఎట్లని అడుగుమనలేదు. మన పాఠశాలలలో వానచదువు చాలవఱకు ఇట్లే సాగుచున్నది. నల్లబల్లపై సముద్రము, బాణపుగుర్తు, మబ్బు, మంచుకొండ, నది వ్రాయుదురు. మంచుకొండను ఎన్నడును చూడని కోనసీమ బిడ్డ ఆ బొమ్మను చక్కగా దించి మార్కులు తెచ్చుకొనును. ఇంటిలో ఎసటిమూతకు పట్టిన నీటిబొట్లకును ఆ బొమ్మకును సంబంధము కలదని మాత్రము ఎఱుగడు. ఇంకొక వింత చూడుడు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురమునందును, శిశుతరగతులలో వానను పొమ్మని వేడు ఆంగ్లగేయమును పిల్లలచేత పాడింతురు. అదే సీమలో వాన రాని యేడు పిల్లలు కప్పను కావడికి కట్టి, వేపమండలు కప్పి, ఇంటింట నీళ్లు పోయించుకొనుచు వానను రమ్మని పాడుట మన పల్లెల యాచారము. కప్పను బాధించుట నాకు ఇష్టము కాదు. కప్పకు వానను రప్పించు శక్తి కలదనియు నమ్మను. కాని ఆ పిల్లల పాటలో తాము నిలిచిన నేల కలదు. తరగతిలోని పాటలో అది లేదు.

ఇక నా బదులు. “ఏమియు లేదు” అనుట బొంకు అని ముందే ఒప్పుకొంటిని. చదువుకొన్నవారమైన మనలో బూచిని నమ్మువారు తక్కువ. కాని తీరిక లేదని, పిల్లలకు అర్థము కాదని, అసలు మనకే తెలియదని బయటపడునేమో యని నోరు మూయించువారము ఎక్కువ. ఈ మూడవ కారణమే నిజమైనదని నా యనుభవము. ఆనాడు ఉఱుము ఎట్లు పుట్టునో నాకే చక్కగా తెలియదు. ఆ సిగ్గును గాంభీర్యము మాటున దాచుకొంటిని.

అట్లయిన చిన్నబిడ్డకు నిజమంతయు చెప్పవలెనా? ఐదేండ్లవానికి విద్యుచ్ఛాస్త్రము వినిపింపవలెనా? అక్కఱలేదు. ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. చిన్న నిజము చెప్పుట వేఱు, అబద్ధము చెప్పుట వేఱు. బిడ్డకు చెప్పబోవు మాటను మనము ఇట్లు పరీక్షించుకొనవచ్చును: ఈ బిడ్డ పెద్దవాడైనప్పుడు ఈ మాటకు మఱికొంత చేర్చుకొనవలసివచ్చునా, లేక ఈ మాటను పెఱికి పాఱవేయవలసివచ్చునా? చేర్చుకొనదగినది విత్తనము, పెఱికివేయదగినది కలుపు. మూడేండ్లవానితో, “మెఱుపు మెఱసినప్పుడు గాలి ఒక్కసారిగా కాగి ఉబ్బును, ఆ చప్పుడే ఉఱుము, చప్పుడు మనలను ఏమియు చేయదు, మెఱుపు మాత్రము చేయగలదు, కావున ఇంటిలో నుందము” అనవచ్చును. ఏడేండ్లవానితో, కాగితపుసంచి ఊది పగులగొట్టి చూపి, వెలుగు ముందు వచ్చుననియు చప్పుడు మెల్లగా నడచి వచ్చుననియు చెప్పవచ్చును. పండ్రెండేండ్లవానితో, మేఘములోపల మంచుకణములు ఒరసికొనుటవలన విద్యుత్తు వేఱుపడుననియు, మెఱుపు దారిలోని గాలి సుమారు 30,000 సెంటిగ్రేడు డిగ్రీలవఱకు కాగుననియు చెప్పవచ్చును. ఈ మూడు బదుళ్లలో ఒకదానికొకటి అడ్డు వచ్చునది లేదు. మొదటిది రెండవదానిలో నిలిచియున్నది. రెండవది మూడవదానిలో నిలిచియున్నది. బూచివానికి ఈ వరుసలో చోటు లేదు.

ఇందులకు పుస్తకములు, పరికరములు కావలెనని భయపడనక్కఱలేదు. వాతావరణశాల మన వంటయింటనే యున్నది. ఉడుకుచున్న ఎసటిపై మూత తీసి, దాని లోపలివైపున పట్టిన బొట్లను బిడ్డకు చూపుడు; నీరు కనబడక పైకి పోయి, చల్లని చోట మరల నీరగుచున్నదని వాడే చెప్పును. చల్లని నీటితో నింపిన గ్లాసు వెలుపలివైపున చెమట పట్టినప్పుడు, గ్లాసు కారుచున్నదా యని అడుగుడు. తుడిచి మరల చూడనిండు. కారుట కాదని తెలిసినప్పుడు, ఆ నీరు గాలినుండియే వచ్చినదని గ్రహించి వాడు పొందు ఆశ్చర్యము మనము చెప్పు ఏ కథవలనను కలుగదు. కుండలో నీరు ఏల చల్లగా నుండును, తడిబట్ట గాలికి ఏల త్వరగా ఆఱును, వానకాలమున జాడీలోని ఉప్పు ఏల చెమ్మగిల్లును: ఇవి అన్నియు ఒకే పాఠములోని వాక్యములు. తాటాకుతో గాలిమర చేసియిచ్చినచో గాలి ఏ దిక్కునుండి వచ్చుచున్నదో వాడు దినమును చెప్పగలడు. అంచులు నిటారుగా నున్న డబ్బా నొకదానిని బయట నుంచి, వాన వెలిసినపిదప కొలబద్ద ముంచినచో వాన కొలత తెలియును. ఒక్క సెంటీమీటరు వాన ఒక యెకరము నేలపై సుమారు నలువదివేల లీటర్ల నీరు పోయునని లెక్క కట్టి చూపినచో, ఎన్ని బిందెలు మోసిన అంత నీరగునో ఊహించి బిడ్డ నోరు తెఱచును.

ఆ కొలతలను ఒక నోటుపుస్తకములో వ్రాయించుడు. వ్రాయరాని బిడ్డచేత బొమ్మ గీయించుడు: ఎండ, మబ్బు, వాన. ఇది కేవలము విజ్ఞానాభ్యాసము కాదు, సత్యాభ్యాసము. కురియని వానను కురిసెనని వ్రాయరాదు. చూడని దినమున “చూడలేదు” అని వ్రాయవలెను. పెద్దలమెప్పుకొఱకు అంకె మార్చరాదు. ఇంత చిన్న వయస్సున, ఎవరికిని నష్టము లేని యీ విషయమున, ఉన్నది ఉన్నట్లు చెప్పుట యలవడినయెడల, రేపు కచేరీలోను, అంగడిలోను, సాక్ష్యపుబోనులోను అది వానికి తోడుపడును. “మంచి వాన”, “చెడ్డ వాన” అను మాటలను కూడ పరీక్షింప నేర్పుడు. మృగశిర కార్తెలో పడిన వాన రైతునకు పండుగ. అదే వాన ఇటుకలు ఆఱబెట్టినవానికి నష్టము. కార్తికమున కోతకు వచ్చిన వరిపై పడు వాన రైతునకే కన్నీరు. మన పిల్లలు కాగితపుపడవలు వదలుచుండగా, చూరు కారు ఇంటిలోని పిల్లలు గిన్నెలు పఱచుకొని మేలుకొనియుందురు. వాన ఎవరికి మంచిది యని అడుగుట నేర్చిన బిడ్డ, ఇరుగుపొరుగును చూచుట నేర్చినట్లే.

అర్జునుని పది నామముల సంగతి ఇంకను చెప్పలేదు. వానిని మూఢవిశ్వాసమని త్రోసివేయుదునని చదువరులు తలంచియుందురు. నేనును మొదట అట్లే తలంచితిని. పిదప ఆ నామములు ఎక్కడివో స్మరించుకొంటిని. విరాటపర్వమున ఉత్తరకుమారుడు కౌరవసేనను చూచి భయపడి రథము దిగి పారిపోవ యత్నించెను. పేడివేషమున సారథిగానున్న అర్జునుడు వానిని పట్టి తెచ్చి, తాను అర్జునుడనని చెప్పెను. అయినచో పది నామములు చెప్పుమని ఉత్తరుడు అడిగెను. ఊరక పేర్లు వినుటతో తృప్తి చెందక, ఆ పేర్లు ఏల కలిగెనని కారణములును అడిగెను. అర్జునుడు విసుగుకొనలేదు. ఒక్కొక్క పేరునకు కారణము చెప్పెను. అప్పుడు ఆ బాలుని భయము తీరెను. భయపడిన పిల్లవాడు, వాడు వేసిన ప్రశ్న, పెద్దవాడు ఓపికతో చెప్పిన నిజమైన బదులు: ఆ కథలో ఉన్నది ఇదియే. మనము నామములను మాత్రము నిలుపుకొని, కారణము చెప్పు పద్ధతిని విడిచిపెట్టితిమి.

కావున నా భార్య నోటినుండి ఆ నామములను తీసివేయవలెనని నాకు తోచలేదు. అవి తరతరములుగా పసివారికి ధైర్యము నిచ్చినవి. వానికి మఱియొక పని కూడ అప్పగించితిమి. మెఱుపు మెఱసిన తోడనే నామములు మొదలిడి, నిమిషమునకు అఱువది చొప్పున నిదానముగా పలుకవలెను. చప్పుడు గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు నడచును. పది నామములు ముగియునప్పటికి ఉఱుము వినబడినచో, ఆ మెఱుపు మూడు కిలోమీటర్లకు కొంచెము దూరమున మెఱసినదన్నమాట. నామములు మూడు మాఱులు ముగియకమునుపే ఉఱుము వినబడినయెడల, గట్టి కప్పు గల యింటిలోనికి తప్పక చేరవలెను. కడపటి ఉఱుము తరువాత అరగంటవఱకు బయటికి రారాదు. నామములు పిడుగును ఆపునా యని మనుమరాలు అడిగెను. “ఆపవు, కాని అది ఎంత దూరమున నున్నదో చెప్పును, నిన్ను ఇంటిలోనికి తెచ్చును” అని ఆమె నాయనమ్మయే బదులు చెప్పెను. ఆ మాట నేను చెప్పినదానికంటె బాగుండెను.

ఇంతవఱకు తెలిసిన సంగతులను గూర్చి చెప్పితిని. తెలియని సంగతుల మాట యేమి? కొన్ని యేండ్ల క్రిందట ఒక సాయంకాలము మనుమరాలు, “రేపు తోటకు పోవుదుము గదా, వాన రాదు గదా?” అని అడిగెను. “రాదు, రాదు” అంటిని. మఱునాడు ప్రొద్దుటినుండియే వాన పట్టెను. ఆమె ఏడువలేదు, “నీకు తెలియదని చెప్పియుండవచ్చును గదా, తాతా” అనెను. ఆ తరువాత చాల దినములవఱకు ఆమె నన్ను వాన సంగతి అడుగలేదు. ఒక్క “రాదు” వలన నేను పోగొట్టుకొన్నది తోటవిహారము కాదు, నా మాట విలువ.

వాతావరణశాస్త్ర చరిత్రయే తెలియదనుటలోని గౌరవమును మనకు నేర్పుచున్నది. మన దేశపు వాతావరణశాఖ 1875లో ఏర్పడెను. 1876 నుండి 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ఘోరమైన కరవు తరువాత, వానలను ముందుగా తెలిసికొను మార్గము వెదకు భారము ఆ శాఖకు మొదటి అధిపతియైన బ్లాన్‌ఫర్డుపై పడెను. హిమాలయములపై మంచు ఎక్కువగా కురిసిన యేడు వానలు తగ్గునేమో యని ఆయన గమనించి, 1886 మొదలుకొని ఋతువునకు ముందుగా అంచనాలు ప్రకటించుచు వచ్చెను. 1904లో వచ్చిన గిల్బర్టు వాకరు అను గణితవేత్త ఇరువది యేండ్లు లెక్కలు కట్టి, పసిఫికు సముద్రముపై వాయుభారము పెరిగినప్పుడు హిందూమహాసముద్రముపై తగ్గుననియు, ఇట్లు తూగుటుయ్యెలవలె అది ఊగుననియు కనుగొనెను. అయినను మన వానలను నిశ్చయముగా చెప్పు సూత్రము ఆయనకు చిక్కలేదు. నేడు ఆకాశమున ఉపగ్రహములును, మచిలీపట్టణమునందును విశాఖపట్టణమునందును రాడారులును ఉన్నవి. తుపాను దారిని కొన్ని దినములు ముందుగానే చెప్పుచున్నారు. ఐనను పండితులు “రావచ్చును”, “వచ్చుట కవకాశము ఎక్కువ” అనియే చెప్పుదురు. ఇది చేతగానితనము కాదు; తెలిసినంతవఱకే చెప్పుట. మన కార్తెలును ఇట్టివే. సూర్యుడు ఏ నక్షత్రమున నున్నప్పుడు ఏ వాన పడునో చూచి చూచి కర్షకులు కూర్చిన యనుభవమది. దానిని ఎగతాళి చేయరాదు, గ్రుడ్డిగా నమ్మరాదు. బిడ్డ నోటుపుస్తకములో ఈ యేడు మృగశిరలో ఎంత కురిసెనో చూడవలెను.

కాని తెలియనిదానిని తెలియదనుట ఎంత యవసరమో, తెలిసినదానిని గట్టిగా చెప్పుటయు అంత యవసరము. తుపాను నడుమ దాని కన్ను మనపైకి వచ్చినప్పుడు గాలి నిలిచిపోవును. ఒక్కొక్కప్పుడు ఆకాశము కూడ తేటపడును. గండము గడచెనని జనులు బయటికి వత్తురు. కొంతసేపటికి గాలి ఎదుటి దిక్కునుండి మునుపటి బలముతోనే వచ్చి పడును. తీరమునందు పెరుగు బిడ్డకు ఈ సంగతి అక్షరములతో పాటు తెలియవలెను. ఓడరేవులలో ఎత్తు ప్రమాదసూచికలు ఒకటినుండి పదకొండువఱకు కలవనియు, పదవది మహాప్రమాదమును తెలుపుననియు తెలియవలెను. పెద్దలు చెప్పినది నిజమని నమ్ము అలవాటు బిడ్డకు ముందునుండి యుండినగాని, ఆ రాత్రి “బయటికి పోవలదు” అన్న మాట పని చేయదు. బూచిమాటలతో ఆ నమ్మకమును వ్యయము చేసికొన్న తల్లిదండ్రులు అవసరసమయమున దేనితో బిడ్డను ఆపుదురు?

కారణములు తెలిసినచో బిడ్డ మనస్సులోని అద్భుతరసము ఇంకిపోవునని కొందఱు రసజ్ఞులు భయపడుదురు. నాకు ఆ భయము లేదు. గ్లాసుపై చెమట చూచిన బిడ్డ మబ్బును చూచుట మానలేదు. మబ్బు తన యింటిగాలికి చుట్టమని తెలిసి ఇంకను ఎక్కువగా చూచుచున్నాడు. దేవునియందు భక్తి తగ్గునని మఱికొందఱు అందురు. సృష్టిని ఉన్నది ఉన్నట్లు తెలిసికొనుటవలన తగ్గు భక్తి యుండినచో, అది సృష్టికర్తయందలి భక్తి కాదు, మన కట్టుకథలయందలి భక్తి.

మొన్న ఆర్ద్ర కార్తెలో మరల ఒక సాయంకాలము మెఱసెను. మనుమడు నన్ను అడుగలేదు. గుమ్మము లోపల నిలిచి, చేతులు వెనుకకు కట్టుకొని, పది నామములు పలుకసాగెను. ఏడవ నామమువద్ద ఉఱిమెను. వాని యక్క మనస్సులో లెక్క కట్టి, “రెండు కిలోమీటర్లకు పైగా” అనెను. వాడు ఉలికిపడెను గాని ఏడువలేదు. కొంతసేపు ఆలోచించి, “తాతా, ఎక్కడ పడవలెనో మెఱుపునకు ఎట్లు తెలియును?” అని అడిగెను. ఈసారి పత్రిక ప్రక్కన పెట్టితిని. “నాకు తెలియదు, నాయనా, తెలిసికొందము, రమ్ము” అంటిని. వాడు నా పంచె పట్టుకొనలేదు, చేయి పట్టుకొనెను.